పట్టా చెప్పే సాక్ష్యం

ఉగాది సంచిక అనగానే పద్యాలు, పంచాంగ ఫలం, వేపపువ్వు పచ్చడి మీద ఒక హాస్యవ్యాసం ఉండడం పరిపాటి. వాటి పక్కన రైలుపట్టాల చరిత్ర ఏమిటని చదువరులు అనుకోవచ్చు. కాని ఊరు విడిచివచ్చి తరతరాలుగా పరరాష్ట్రంలో స్థిరపడిన మనవంటి కుటుంబాలకు రైలుతో ఉన్న చుట్టరికం వేరెవరికి ఉన్నది? మనలో ఎందరి తాతలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పని వెతుక్కుంటూ ఖుర్దారోడ్డుకు, ఖరగ్‌పూరుకు వచ్చినవారే. ఈనాటికీ మేనమామగారింట పెళ్ళైనా, ఊళ్ళో అమ్మవారి పండుగైనా, పెద్దల కర్మాంతరమైనా మనం పోవలసింది బండి మీదనే. సామాను బల్ల కిందికి నెట్టి, పిల్లలను పడుకోబెట్టి, దీపం ఆర్పి నిద్రపోతాము. మనం నిద్రపోయిన తరువాత, ఆ చీకట్లో, ముందున్న పట్టా మీద మరొక బండి నిలిచి లేదని చూస్తున్నది ఎవరు?

డ్రైవరు అని చప్పున అంటారు. రాత్రివేళ డ్రైవరుకు కనబడేది ఇంజను దీపం వెలుగు పడినంత మేరే. మంచి వేగంలో ఉన్న ఎక్స్‌ప్రెస్సు నిలవడానికి కిలోమీటరు దూరమైనా పట్టవచ్చు. అడ్డం కంటబడిన తరువాత బ్రేకు వేస్తే ప్రయోజనం తక్కువ. కనుక లైను ఖాళీ అని ఆయనకు ఎవరో ముందుగానే చెప్పాలి. ఆ చెప్పేవారికి ఆ సంగతి నిశ్చయంగా తెలిసి ఉండాలి. ఎట్లా తెలుస్తుంది? రైల్వేల చరిత్రలో పెద్దభాగం ఈ చిన్న ప్రశ్నకు జవాబు వెతకడంలోనే గడిచింది.

మొదట గడియారాన్ని నమ్మారు. ఒక బండి పోయిన తరువాత ఇన్ని నిమిషాలు ఆగి రెండవ బండిని వదలడం పద్ధతి. ముందుబండి దారిలో చెడి నిలిచిపోతే గడియారానికి ఏం తెలుస్తుంది? ఆ తరువాత టెలిగ్రాఫు తీగ వచ్చింది. ఈ కొసన ఉన్న మనిషి ఆ కొసన ఉన్న మనిషిని అడిగి తెలుసుకోవచ్చు. ఇది చాలా గొప్ప మార్పే. ఐతే ఇద్దరు మనుషుల మధ్య నడిచే మాటలో ఎంత ప్రమాదం దాగి ఉంటుందో 1861 ఆగస్టు 25వ తేదీ ఆదివారం ఉదయం ఇంగ్లండులో బయటపడింది. ఆ కథ కొంచెం వివరంగా చెప్పవలసిందే.

లండను నుంచి దక్షిణాన సముద్రతీరంలోని బ్రైటనుకు పోయే దారిలో క్లేటన్ అనే సొరంగం ఉన్నది. మైలుంబావు పొడవు. దక్షిణపు ముఖద్వారం దగ్గర కిల్లిక్ అనే సిగ్నల్ మనిషి, ఉత్తరపు ముఖద్వారం దగ్గర బ్రౌన్ అనే అతడు కాపలా. ఇద్దరి మధ్య టెలిగ్రాఫు యంత్రం. వారానికి ఒకరోజు పూర్తి సెలవు దక్కడం కోసం కిల్లిక్ ఆనాడు 24 గంటల డ్యూటీలో ఉన్నాడట. బ్రైటను నుంచి మూడు బండ్లు కొద్ది నిమిషాల తేడాలో ఒకదాని వెనుక ఒకటి బయలుదేరాయి. మొదటి బండి కిల్లిక్‌ను దాటి సొరంగంలోకి పోయింది. బండి దాటగానే సిగ్నలు తనంతట తానే అపాయస్థితికి తిరగాలి. తిరగలేదు. తిరగలేదని హెచ్చరించే గంట మోగింది. కిల్లిక్ సొరంగంలో బండి ఉన్నదని బ్రౌనుకు తంతి కొట్టాడు. అంతలోనే రెండవ బండి మీదికి వచ్చేసింది. అతడు పరుగున ఎర్రజెండా ఊపాడు. బండి సొరంగంలోకి దూరిపోయింది. డ్రైవరు జెండా చూశాడో లేదో కిల్లిక్‌కు తెలియదు.

నిజానికి డ్రైవరు చూశాడు. సొరంగం లోపల బండి నిలిపి, మెల్లగా వెనక్కు నడిపించడం మొదలుపెట్టాడు. ఇక్కడ కిల్లిక్ సొరంగం ఖాళీయేనా అని బ్రౌనును అడిగాడు. అదే క్షణంలో బ్రౌను కళ్ళెదుటనుంచి మొదటి బండి బయటికి వచ్చి వెళ్ళిపోయింది. ఖాళీ అని జవాబు చెప్పాడు. కిల్లిక్ అడిగింది రెండవ బండి గురించి. బ్రౌను చెప్పింది మొదటి బండి గురించి. రెండూ పోయాయి గదా అనుకుని, సిగ్నలు దగ్గర నిలిచిన మూడవ బండికి కిల్లిక్ తెల్లజెండా ఊపాడు. ఆ బండి చీకట్లో వెనక్కు వస్తున్న రెండవ బండిని గుద్దుకున్నది. 23 మంది చనిపోయారు, 176 మందికి దెబ్బలు తగిలాయి.

ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. తప్పతాగి ఉన్నవాడు లేడు. ఒకడు అడిగాడు, మరొకడు తను చూసిందే చెప్పాడు. ఐనా ప్రాణాలు పోయాయి. కారణమేమిటంటే, సొరంగాన్ని ఎవరూ అడగలేదు, అడిగింది మనిషిని. సొరంగం తనలో బండి ఉన్నదో లేదో తనే చెప్పగలిగితే ఈ గందరగోళానికి తావే లేదు.

ఒంటిలైను మీద ఈ చిక్కుకు వేరొక పరిష్కారం దొరికింది. 1878లో ఎడ్వర్డ్ టయర్ అనే ఆయన కనిపెట్టిన యంత్రాలలో రెండు స్టేషన్ల మధ్య ఒకసారికి ఒకే బిళ్ళ బయటికి వస్తుంది. ఆ బిళ్ళ చేతిలో లేనిదే డ్రైవరు కదలరాదు. మనదేశంలో బిళ్ళకు బదులు నీల్ యంత్రంలోని గోళం వాడుకలోకి వచ్చింది. వెదురు వలయానికి తగిలించిన తోలుసంచిలో గోళం పెట్టి, నడుస్తున్న ఇంజను మీదికి అందించే దృశ్యం మన ఇళ్ళలో పెద్దవారికి బాగా తెలుసు. ఆ గోళం మంచి కాపలాదారే. కాని ఒక లోపం ఉన్నది. స్టేషను యార్డులో ఏ లైను మీద ఏ పెట్టె నిలిచి ఉన్నదో అది చెప్పలేదు. జంటలైను మీద దానికి పనే లేదు.

పట్టా చేతనే సాక్ష్యం చెప్పించిన ఘనత విలియం రాబిన్సన్‌ది. ఐర్లండులో పుట్టి అమెరికాలో చదువుకున్న ఇంజనీరు. 1870లో ఆయన న్యూయార్కు ప్రదర్శనలో తన యంత్రం నమూనా పెట్టాడు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో కింజువా అనే చోట ఫిలడెల్ఫియా-ఈరీ రైల్వే వారి లైను మీద దాన్ని అమర్చాడు. బండి ఆ చోటికి రాగానే విద్యుత్తు ప్రవహించి సిగ్నలును అపాయస్థితికి తిప్పేది. అవతలి కొస దాటగానే మళ్ళీ మంచిస్థితికి తిప్పేది. చూసినవారంతా మెచ్చుకున్నారు. ఆయన మాత్రం తృప్తిపడలేదు. బండి మధ్యలో తెగి వెనుక పెట్టెలు లైనుమీదనే మిగిలిపోతే? ముందు సగం అవతలి కొస దాటగానే సిగ్నలు 'క్షేమం' అంటుంది. పక్కలైను నుంచి ఒక పెట్టె జారి మధ్యలోకి వస్తే? యంత్రానికి తెలియదు. ఘటం ఎండిపోతే, తీగ తెగితే? అప్పుడూ 'క్షేమం' అనే చెప్తుంది. పనిచేసినంత కాలం బాగుండి, చెడిపోయిన నాడు మనిషిని చంపే యంత్రం అది. మెప్పు వచ్చిన తరువాత తన పనిలో తనే ఇట్లా తప్పులు వెతుక్కునేవారు తక్కువ. నా దృష్టిలో ఆయన గొప్పతనం ఇక్కడనే ఉన్నది.

రెండేళ్ళలో ఆయన ఆలోచనను తలకిందులు చేశాడు. 1872 ఆగస్టు 20న అమెరికా ప్రభుత్వం ఆయనకు 1,30,661 నంబరు పేటెంటు ఇచ్చింది. అందులోని కిటుకు మన పల్లెటూళ్ళ భాషలో చెప్పవచ్చు. ఊరి తలారులు ఇద్దరున్నారనుకోండి. ఒకడు దొంగ కనబడితేనే కేక వేస్తాడు. రాత్రంతా నిశ్శబ్దంగా ఉంటే ఊరు క్షేమమనుకుని పడుకుంటాము. ఆ తలారి నిద్రపోయినా, దొంగ అతని నోరు మూసినా, మనకు వినిపించేది అదే నిశ్శబ్దం. రెండవవాడు 'పారా హుషార్' అని గడియగడియకూ కేక వేస్తూ తిరుగుతాడు. కేక వినబడుతున్నంతసేపే క్షేమం. ఆగిందా, కారణం ఏదైనా సరే, లేచి దీపం పట్టుకోవలసిందే. రాబిన్సన్ మొదటి యంత్రం మొదటి తలారి. 1872 నాటిది రెండవ తలారి.

ఇక దాని అమరిక చూద్దాం. లైనులో కొంత భాగం తీసుకుని, ఆ భాగానికి రెండు కొసలలోను పట్టా అతుకుల మధ్య విద్యుత్తును పోనివ్వని అట్టముక్క పెడతారు. దాంతో ఆ భాగం మిగిలిన లైనునుంచి విడిపోయి ఒక గదివలె అవుతుంది. గది లోపలి అతుకులను మాత్రం తీగలతో కలిపి కడతారు, ప్రవాహానికి ఎక్కడా ఆటంకం లేకుండా. ఒక కొసన ఘటం, అనగా బ్యాటరీ. దాని ఒక తీగ కుడిపట్టాకు, మరొక తీగ ఎడమపట్టాకు. అవతలి కొసన రెండు పట్టాల మధ్య రిలే అనే చిన్న విద్యుదయస్కాంతం. లైను ఖాళీగా ఉన్నప్పుడు విద్యుత్తు ఒక పట్టా వెంట పోయి, రిలే చుట్ల గుండా తిరిగి, రెండవ పట్టా వెంట ఇంటికి వస్తుంది. అయస్కాంతం ఒక ఇనుప నాలుకను పైకి పట్టుకుని ఉంటుంది. నాలుక పైన ఉంటేనే 'పోవచ్చు' అనే సిగ్నలుకు దారి.

బండి వచ్చింది. ఇనుప చక్రాలు, వాటిని కలిపే ఇరుసు, అన్నీ విద్యుత్తుకు రాజమార్గమే. అవతల ఉన్న రిలే దాకా ప్రయాసపడి పోవడమెందుకని ప్రవాహమంతా ఇరుసు మీదుగా అడ్డదారిన వెనక్కు తిరుగుతుంది. అయస్కాంతం బలం పోతుంది. నాలుక తన బరువుతో తనే కిందికి పడుతుంది. సిగ్నలు ఎరుపు. బండిలో ఒక్క పెట్టె, ఒక్క ఇరుసు లైనుమీద మిగిలినా నాలుక లేవదు. ఘటం ఎండినా, తీగ తెగినా, పట్టా రెండుగా విరిగినా చాలావరకు అంతే. నాలుకను పడవేసేది భూమ్యాకర్షణ గనుక ఆ శక్తికి ఎవరూ బ్యాటరీ మార్చనక్కరలేదు. ఇందులో ప్రవహించే విద్యుత్తు కూడా చాలా స్వల్పం. పట్టాల మధ్య ఉండేది కొద్ది వోల్టులే. ఆ రోజుల్లో గాజుజాడీలో మైలుతుత్తం, రాగి, తుత్తునాగం వేసి చేసిన ఘటాలు ఈ పనికి సరిపోయేవి.

అమెరికా దీనిని వేగంగా అందుకున్నది. రాబిన్సన్ కంపెనీని జార్జి వెస్టింగ్‌హౌస్ తీసుకుని 1881లో పెద్ద సిగ్నల్ సంస్థగా మార్చాడు. ఇంగ్లండులో మాత్రం ఆలస్యమైంది. అక్కడి ప్రయాణికుల పెట్టెలు చాలావాటికి మ్యాన్సెల్ చక్రాలుండేవి. వాటి నడిమి భాగం చెక్క. ప్రయాణం మెత్తగా ఉంటుందని పెట్టిన ఆ చెక్కే విద్యుత్తుకు అడ్డం. బండి నిలిచి ఉన్నా పట్టాకు తెలియదన్నమాట. దానికి తోడు, మంచి జీతమిచ్చి మంచి మనిషిని పెట్టుకున్నాము, ఇక ఈ తీగలెందుకనే ధీమా.

ఆ మంచి మనిషికి ఏమవుతుందో 1910 డిసెంబరు 24 తెల్లవారుజామున హాస్ జంక్షనులో తెలిసింది. ఉత్తర ఇంగ్లండులో కొండల నడుమ, గాలివాన రాత్రి. ఘాటు ఎక్కించడానికి సాయంపోయిన ఇంజన్లు తిరిగి వెళ్ళడానికి వరుసగా వచ్చి చేరుతున్నాయి. క్రిస్మస్ రద్దీ. పది గంటలుగా డ్యూటీలో ఉన్న సిగ్నల్ మనిషి, కార్లైల్ వైపు పోవలసిన రెండు ఒంటరి ఇంజన్లను ముందు సిగ్నలు దగ్గర నిలిపాడు. నిలిపి, పనుల ఒత్తిడిలో మరచిపోయాడు. కొద్దిసేపటికి లండను నుంచి గ్లాస్గో పోయే ఎక్స్‌ప్రెస్సు కోసం సిగ్నళ్ళు వంచాడు. నిలిచి ఉన్న ఇంజన్ల డ్రైవర్లు అది తమకే అనుకుని మెల్లగా బయలుదేరారు. వెనుకనుంచి ఎక్స్‌ప్రెస్సు వచ్చి గుద్దింది. పెట్టెల్లోని గ్యాసు దీపాలవల్ల మంటలు లేచాయి. 12 మంది పోయారు. ఆ ఇంజన్లు నిలిచిన చోట రాబిన్సన్ అమరిక ఉండి, కేబిన్‌లోని లీవరుకు దానితో లంకె ఉంటే, ఆ మనిషి మరచిపోయినా లీవరు కదిలేది కాదు. ఆ తరువాత ఆ రైల్వే కంపెనీ అటువంటి చోట్ల పట్టా వలయాలు విస్తారంగా పెట్టించింది.

ఐదేళ్ళకు, 1915 మే 22న, స్కాట్లండు సరిహద్దులో క్వింటిన్స్‌హిల్ దగ్గర ఇంతకంటె ఘోరం. కేబిన్ ఎదుటనే, కిటికీలోంచి కనబడేటంత దగ్గర నిలిచిన లోకల్ బండిని సిగ్నల్ మనిషి మరచాడు. విచిత్రమేమంటే, ఆ ఉదయం ఆయన డ్యూటీకి వచ్చింది ఆ బండిమీదనే. సైనికులతో నిండిన బండి దానిని గుద్దింది. ఇంకొక ఎక్స్‌ప్రెస్సు ఆ శిథిలాల మీదికి దూసుకువచ్చింది. 220 మందికి పైగా చనిపోయారు, అత్యధికులు యుద్ధానికి బయలుదేరిన కుర్రవాళ్ళు. సిగ్నల్ మనుషులు ఇద్దరూ జైలుకు పోయారు. వారి తప్పు లేదని అనను. నియమాలను వదిలేశారు. కాని ఎదుట ఉన్న వస్తువును మరచిపోవడమనేది మనిషికి సహజం. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే తాతగారు ప్రతి ఇంటా ఉన్నారు.

ఇక మనదేశం సంగతి. బొంబాయిలో 1925లో విద్యుత్తు బండ్లు మొదలై, 1928లో విక్టోరియా టెర్మినస్-బైకుల్లా మధ్య, బండి కదలికనుబట్టి తమంతట తామే రంగు మారే దీపపు సిగ్నళ్ళు వచ్చాయి. దేశమంతటా ఈ పద్ధతి వ్యాపించడానికి మాత్రం చాలాకాలం పట్టింది. దానికి ఒక కారణం వింటే నవ్వు వస్తుంది: చెదలు. మన వేడికి, వానకు, చెదలకు చెక్క స్లీపర్లు నిలవవని రైల్వేలు విరివిగా ఇనుప స్లీపర్లు, పోత ఇనుప ప్లేట్లు వేశాయి. ప్లేట్లను కలిపేది మళ్ళీ ఇనుపకడ్డీయే. అంటే రెండు పట్టాలను అడుగడుగునా ఇనుముతో కలిపేసినట్టు. అటువంటి లైనులో విద్యుత్తు వదిలితే బండి లేకపోయినా ఉన్నట్టే లెక్క. పట్టా వలయం కావలసిన చోటల్లా ఇనుపవి తీసి మళ్ళీ చెక్కవి పరచవలసి వచ్చేది. సాలువంటి గట్టి కర్ర ఎంత దొరుకుతుంది? కాంక్రీటు స్లీపర్లు వచ్చి, పట్టా కింద రబ్బరు మెత్త, పక్కన నైలాను లైనరు పెట్టడం అలవాటయిన తరువాతనే ఈ చిక్కు తీరింది.

సిగ్నల్ డిపార్టుమెంటులో పనిచేసినవారికి ఈ వలయం ముద్దుబిడ్డవంటిది. అంత చాకిరీ చేయించుకుంటుంది. వానాకాలం కంకరలో బురద చేరితే విద్యుత్తు ఒక పట్టానుంచి రెండవదానికి కారిపోతుంది. నాలుక పడిపోతుంది. ఖాళీ లైను మీద బండి ఉన్నట్టు ఎర్రదీపం. మన బండి స్టేషను బయట అరగంట నిలిచి, మనం రైల్వేవారిని తిట్టుకునే వేళల్లో కొన్ని ఇటువంటివే. తిట్టుకుంటే తిట్టుకున్నాము గాని, ఆ తప్పు మంచివైపు తప్పు. చెడువైపు తప్పు కూడా ఒకటి ఉన్నది. బండ్లు ఎక్కువగా నడవని లైను మీద తుప్పుపొర పడితే చక్రానికి, పట్టాకు సరైన స్పర్శ ఉండదు. బండి నిలిచి ఉన్నా నాలుక లేచి ఉండవచ్చు. అందుకే పట్టాల మధ్య అర ఓము నిరోధాన్ని అడ్డంగా పెట్టి, నాలుక పడుతున్నదా లేదా అని పరీక్షిస్తారు. ఇంజనీర్లు తిరిగే తోపుడు ట్రాలీ చక్రాలను మాత్రం బుద్ధిపూర్వకంగానే విద్యుత్తు పోనివ్వకుండా చేస్తారు, అది పోయినప్పుడల్లా సిగ్నళ్ళు ఎర్రబడకుండా. ట్రాలీ క్షేమం ట్రాలీ మనుషులే చూసుకోవాలి.

ఈ విద్య నేర్పడానికి 1957లో సికింద్రాబాదులో ప్రత్యేకంగా ఒక శిక్షణాలయం పెట్టారు. అన్ని రైల్వేల సిగ్నల్ ఇంజనీర్లూ అక్కడికి వచ్చి చదువుకున్నవారే. ఆ తరువాతి కాలంలో మరో పద్ధతి ప్రబలింది. దాని పేరు యాక్సిల్ కౌంటర్, అనగా ఇరుసుల లెక్క. పట్టా పక్కన పెట్టిన తీగచుట్ల అయస్కాంత క్షేత్రాన్ని చక్రం కదిలించగానే ఒక ఇరుసు లోపలికి పోయినట్టు లెక్క. అవతల కొసన అన్నీ బయటికి వస్తే లైను ఖాళీ. లోపలికి 90 పోయి 88 వస్తే, ఎక్కడో పెట్టె మిగిలిందన్నమాట. బురద, వాన, స్లీపరు రకం దీనికి పట్టవు. ఎంత పొడవైన లైనుకైనా సరిపోతుంది. ఐతే విరిగిన పట్టా సంగతి దీనికి తెలియదు. కరెంటు పోయి లెక్క తప్పితే మొండిగా 'బండి ఉన్నది' అంటుంది. అప్పుడు లైను నిజంగా ఖాళీ అని మనుషులు నిర్ధారించి, నియమం ప్రకారం సున్నకు తిప్పాలి. అంటే మళ్ళీ మనిషి మాట మీదికి వచ్చామన్నమాట. పాతవాడిని గనుక నా పక్షపాతం పట్టా వలయం వైపే.

పట్టా అన్నీ చెప్పగలదని మాత్రం భ్రమపడరాదు. 1956 సెప్టెంబరులో మహబూబునగరం దగ్గర, అదే సంవత్సరం నవంబరులో తమిళదేశంలో అరియలూరు దగ్గర వరదకు వంతెనలు దెబ్బతిని బండ్లు ఏటిలో కూలాయి. రెండవదాని తరువాత లాల్ బహదూర్ శాస్త్రిగారు రైల్వే మంత్రి పదవి వదులుకున్నారు. వంతెన స్తంభం కింద మట్టి కోసుకుపోయినా, పైన పట్టా తెగకుండా ఉన్నంతవరకు విద్యుత్తు యథాప్రకారం ప్రవహిస్తూనే ఉంటుంది.

వలయం ఎరుపు చూపినప్పుడు, లేదా చెడి ఎరుపుగా నిలిచిపోయినప్పుడు ఏం చేయాలనేది మళ్ళీ మనిషి పనే. 2023 అక్టోబరు 29 ఆదివారం సాయంత్రం విజయనగరం జిల్లాలో కంటకాపల్లి-అలమండ మధ్య, విశాఖనుంచి పలాస పోయే పాసింజరును వెనుకనుంచి రాయగడ పాసింజరు గుద్దింది. 14 మంది పోయారు. ఆ బండ్లలో తిరిగేది మన బంధువులే. చెడిన ఆటో సిగ్నలు దగ్గర రెండు నిమిషాలు నిలిచి, తరువాత గంటకు 10 కిలోమీటర్లకు మించకుండా పోవాలని నియమం. అది పాటించబడలేదని తొలి విచారణలో చెప్పారు. ఆ ఇంజను మీద ఉన్నవారు తమ మాట చెప్పుకోవడానికి మిగలలేదు.

అంతకు ఐదు నెలల ముందు, 2023 జూన్ 2న, ఒడిశాలో బాలాసోరు దగ్గర బహానగా బజార్ స్టేషనులో జరిగింది మరీ ఆలోచింపజేసేది. షాలిమార్ నుంచి మన తీరం వెంబడి మద్రాసు పోయే కోరమండల్ ఎక్స్‌ప్రెస్సుకు మెయిన్ లైను మీద నేరుగా పొమ్మని పచ్చదీపం ఇచ్చారు. పాయింట్లు మాత్రం లూపు లైను వైపు తిరిగి ఉన్నాయి. లూపులో ఇనుప ఖనిజంతో గూడ్సు నిలిచి ఉన్నది. గంటకు 128 కిలోమీటర్ల వేగంతో పోయి దానిని గుద్దింది. చెదిరిన పెట్టెలు పక్క లైనులో పోతున్న యశ్వంతపూర్-హౌరా ఎక్స్‌ప్రెస్సు చివరి పెట్టెలకు తగిలాయి. 290 మందికి పైగా ప్రాణాలు పోయాయి.

లూపులో గూడ్సు ఉన్న సంగతి పట్టాకు తెలుసు. మెయిన్ లైను ఖాళీ అన్నదీ నిజమే. పట్టా అబద్ధం చెప్పలేదు. పాయింట్లు ఎటు తిరిగి ఉన్నవో చెప్పే తీగ అబద్ధం చెప్పింది. రైల్వే భద్రతా కమిషనరు విచారణలో బయటపడినదేమంటే, స్టేషను పక్క గుమ్టీలో కొన్నేళ్ళ క్రితం తీగలు మార్చినప్పుడు వాటి కొసల మీద రాసిన గుర్తులు మార్చలేదు. ఆనాడు 94వ నంబరు గేటుకు కొత్త అడ్డుకర్ర యంత్రం అమర్చే పనిలో, ఆ స్టేషనుకు ఆమోదించిన పటం లేకుండా తీగలు కలిపారు. పాత గుర్తును నమ్మి కలిపిన తీగ, పాయింట్లు మెయిన్ వైపే ఉన్నాయని కేబిన్‌కు చెప్పింది. 2022 మే 16న అదే ఖరగ్‌పూర్ డివిజనులో బాంక్రానయాబాజ్ స్టేషనులో ఇటువంటి తప్పుతీగ వ్యవహారమే జరిగింది. అప్పుడే సరిచేసుకుని ఉంటే ఇది తప్పేదని కమిషనరు రాశాడు.

రాబిన్సన్ తలారి నోరు మూస్తే మనకు తెలుస్తుంది. తలారి చోట మరొకడిని నిలబెట్టి, అతని గొంతుతో 'పారా హుషార్' అనిపిస్తే ఏ యంత్రం కనిపెట్టగలదు? ఆ పచ్చదీపానికి ఆధారమైన సాక్ష్యం అటువంటిదే. కవచ్ అని పేరు పెట్టిన మనదేశపు కొత్త ఏర్పాటు సంగతి పత్రికల్లో చదువుతున్నాము. రేడియో ద్వారా ఇంజనుకే సమాచారం పంపి, అవసరమైతే తనే బ్రేకు వేస్తుంది. దాని తొలి పరీక్షలు దక్షిణమధ్య రైల్వేలో వాడి, వికారాబాదు, బీదర్ లైన్ల మీద జరిగాయి. మంచిదే. బహానగా లైను మీద ఆనాడు అది లేదు. కాని ఏ లైను ఖాళీ, పాయింట్లు ఎటు ఉన్నాయన్న సమాచారం అది కూడా ఈ వలయాలనుంచి, ఈ తీగలనుంచే తీసుకుంటుంది.

కమిషనరు చేసిన సిఫారసులలో కొత్త యంత్రం పేరేమీ కనబడదు. ప్రతి స్టేషనులో తీగల పటాన్ని, తీగల కొసల మీద గుర్తులను సరిచూడాలి. మార్పు చేసినవారు గాక వేరొక జట్టు వచ్చి పరీక్షించిన తరువాతనే బండ్లు వదలాలి. ప్రమాదం జరిగిన కొద్దిరోజులకే రైల్వే బోర్డు రిలే గదులన్నింటికీ రెండేసి తాళాలు ఉన్నాయో లేదో చూడమని ఆజ్ఞ ఇచ్చింది. ఒక తాళంచెవి సిగ్నల్ డిపార్టుమెంటు దగ్గర, రెండవది స్టేషను మాస్టరు దగ్గర. ఇద్దరూ కలిసి వస్తేనే ఆ తలుపు తెరుచుకుంటుంది.